పెళ్ళి కేసెట్‌లో మాట వినిపించాలంటే...

మీ బీరువా అడుగు అరలోనూ ఒకటి ఉండే ఉంటుంది. నల్లటి ప్లాస్టిక్ కేసెట్, దానికో అట్టపెట్టె, పెట్టెమీద బంగారురంగు అక్షరాల్లో వధూవరుల పేర్లు, పక్కనే ఎవరో బాల్‌పెన్నుతో గీసిన "పార్ట్-2". సంక్రాంతికి బీరువా దులిపినప్పుడల్లా బయటికి తీస్తాం. "అయ్యో, దీన్ని ఎప్పుడైనా కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి" అనుకుంటాం. మళ్ళీ పట్టుచీరల కింద పెట్టేస్తాం. ఆ "ఎప్పుడైనా" గురించే ఈ కబుర్లు. అందులోనూ బొమ్మ గురించి కాదు, శబ్దం గురించి.

బొమ్మ సంగతి అందరూ చూస్తారు. రంగులు వెలిశాయనీ, గీతలు పడుతున్నాయనీ షాపువాళ్ళే చెబుతారు, మనమూ అడుగుతాం. శబ్దం మాత్రం "వస్తోందా? ఆఁ, వస్తోంది" అనుకుంటే చాలనుకుంటాం. నేనూ అలాగే అనుకుని బోల్తాపడ్డాను.

మా పెళ్ళి 1990లో, భీమవరం దగ్గర పల్లెటూళ్ళో, మా పుట్టింటి పెరట్లో పందిరి వేసి చేశారు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నాడు మన దేశానికి రంగుల టి.వి. వచ్చింది. దాని వెనకాలే వి.సి.ఆర్.లు, వాటి వెనకాలే పెళ్ళి వీడియోలూ వచ్చాయి. మా ఊళ్ళో వీడియో తీసిన మొదటి రెండు మూడు పెళ్ళిళ్ళలో మాది ఒకటి. కెమెరా భుజాన వేసుకున్నాయన ఒకడు, లైటు పట్టుకున్న కుర్రాడు ఒకడు. వచ్చినవాళ్ళంతా పెళ్ళికూతుర్ని మానేసి వాళ్ళనే చూశారంటే నమ్మండి!

ఆ కేసెట్‌లో అందరూ ఉన్నారు, మా మామ్మ తప్ప. భర్త పోయినవాళ్ళు పీటల దగ్గరికి రాకూడదనే రోజులవి. ఎవరూ ప్రత్యేకంగా పొమ్మననక్కర్లేదు, వాళ్ళే తప్పుకునేవారు. నన్ను పదేళ్ళదాకా పక్కలో వేసుకుని పడుకోబెట్టిన మనిషి, నా పెళ్ళిలో అరుగుమీద స్తంభం చాటున నిలబడి చూసింది. కెమెరా అటు తిరగనేలేదు. అయితే తాళి కట్టే సమయంలో, గట్టిమేళం మధ్యలో, ఆవిడ ఏదో అరిచింది. నేను తలెత్తి అటు చూసి నవ్వడం కేసెట్‌లో ఉంది. ఏమందో నాకు గుర్తులేదు. మామ్మ 1997లో పోయింది. ఆవిడ గొంతు ఇంకే టేపులోనూ లేదు.

మూడేళ్ళక్రితం ఆ కేసెట్‌ని ఒక షాపులో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఇంటికి తెచ్చి, అన్నయ్యనీ వదిననీ పిలిచి, పకోడీలు వేసి మరీ కూర్చున్నాం. మొదట్లో బాగానే ఉంది. గట్టిమేళం దగ్గరికి వచ్చేసరికి సన్నాయీ లేదు, డోలూ లేదు, ఒకటే "కర్ర్‌ర్ర్" మని రొద. మా వదిన నోట్లో పకోడీ అలాగే పెట్టుకుని, "నీ పెళ్ళికి మేళం పెట్టారా, పిండిమర పెట్టారా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకోండి. మామ్మ మాట ఆ రొదలో కలిసిపోయింది.

టేపే పాడైందనుకున్నాను. కాదని మా చిన్నవాడు చెప్పాడు. "టేపు బానే ఉందమ్మా, ఎక్కించేటప్పుడు సౌండు ఎక్కువ పెట్టేశారు" అన్నాడు. అంటే నయమే కదా అనుకుంటాం. ఎక్కువ పెడితే ఇంకా బాగా వినపడాలి కదా!

పాలగిన్నె లెక్క

ఇక్కడే ఉంది తిరకాసు. పాత టేపురికార్డరుకి శబ్దం కాస్త ఎక్కువైతే గొంతు కొంచెం బండబారేదంతే, సర్దుకుపోయేది. కంప్యూటరుకి ఆ సర్దుబాటు లేదు. దాని కొలతలో సున్నా డెసిబెల్ అనేదే కప్పు. మామూలు శబ్దాలన్నీ దానికి దిగువన మైనస్ 10, మైనస్ 20, మైనస్ 30 అంటూ ఉంటాయి. సున్నాని దాటబోయిన శబ్దాన్ని కంప్యూటర్ కత్తితో కోసినట్టు అక్కడికక్కడే కోసేస్తుంది. కోసేసిన ముక్క ఎక్కడా దాచిపెట్టదు. తరవాత ఎంత తగ్గించినా ఆ ముక్క తిరిగి రాదు. చిన్న గొంతుతో "కర్ర్‌ర్ర్" మంటుందంతే.

పాలు కాచేటప్పుడు గిన్నె అంచుదాకా పోస్తామా? పొంగుతాయని నాలుగు వేళ్ళ ఖాళీ వదులుతాం. శబ్దానికీ అంతే. పప్పులో ఉప్పు తక్కువైతే తరవాత కలుపుకోవచ్చు, ఎక్కువైతే ఏం చేస్తాం? మాట చిన్నగా ఎక్కితే తరవాత పెంచుకోవచ్చు. కోత పడితే మాత్రం బాగుచేసే మందు లేదు.

"మరి అంత ఖాళీ వదిలితే నాణ్యత పోదా?" అని మావాణ్ణి అడిగాను. పోదట. మన ఇళ్ళలో ఉండే వి.హెచ్.ఎస్. టేపులో గట్టిశబ్దానికీ, అడుగున ఎప్పుడూ ఉండే "సుయ్" మనే బుసకీ మధ్య ఎడం సుమారు 40 డెసిబెల్స్. 16 బిట్ల కంప్యూటర్ రికార్డింగులో ఆ ఎడం 96. అంటే శేరు పాలు కాచడానికి రెండు శేర్ల గిన్నె ఉన్నట్టే. పైన పది డెసిబెల్స్ ఖాళీ వదిలితే మనకొచ్చే నష్టం ఏమీ లేదు. ఆ షాపాయన అంచుదాకా ఎందుకు పోశాడో ఆయనకే తెలియాలి! బహుశా మొదట్లో మాటలు చిన్నగా వినపడ్డాయని పెంచి, అలా వదిలేసి టీకి వెళ్ళి ఉంటాడు.

మాటలు అంత చిన్నగా ఎందుకుంటాయి?

దీనికి రెండు కారణాలు. మొదటిది టేపే. వి.హెచ్.ఎస్. టేపు వెడల్పు అరంగుళం. అందులో బొమ్మ టేపుకి అడ్డంగా, ఏటవాలు గీతల్లో పడుతుంది. శబ్దానికి దక్కేది ఒక అంచున సుమారు మిల్లీమీటరు వెడల్పు దారి, చీర అంచులో సన్నటి జరీపోగులాగా. పైగా టేపు చాలా నెమ్మదిగా నడుస్తుంది. మనం పాటలు విన్న మామూలు ఆడియో కేసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడిస్తే, మన దేశపు పాల్ పద్ధతి వీడియో కేసెట్ 2.34 సెంటీమీటర్లే. సగం కూడా లేదు! ఇంక బుస లేకుండా ఎలా ఉంటుంది? కొన్ని ఖరీదైన హై-ఫై వి.సి.ఆర్.లు శబ్దాన్ని కూడా బొమ్మతోపాటు తిరిగే హెడ్లతో రాసేవి, అది చాలా బాగుండేది. పెళ్ళి కేసెట్లలో మనకి దొరికేది ఎక్కువగా ఆ అంచుదారి శబ్దమే.

రెండోది కెమెరా. ఆ కెమెరాల్లో శబ్దాన్ని తనంతట తానే సర్దుకునే ఏర్పాటు ఉండేది. మేళం మోగగానే అది మొత్తం శబ్దాన్ని అణిచేస్తుంది. మేళం ఆగాక ఒకటి రెండు క్షణాలకి గాని మళ్ళీ పైకి లేవదు. ఆ లోపల ఎవరైనా మాట్లాడితే వాళ్ళ గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. ఎవరూ మాట్లాడనప్పుడేమో బుసని కూడా పైకి లాగి వినిపిస్తుంది. మీ కేసెట్‌లో మంత్రాల మధ్య ఉన్నట్టుండి జోరుగా హోరు వినబడితే అది తుఫాను కాదు, ఈ సర్దుబాటే.

వీటికి తోడు స్టూడియోవాళ్ళు అప్పగింతలమీదా, ఊరేగింపుమీదా సినిమాపాటలు అతికించేవారు. పాట హోరెత్తిపోతుంది, పాట అయిపోగానే నాన్నగారి మాట గుసగుసలా వస్తుంది. పాట అతికించిన చోట కింద ఉన్న అసలు శబ్దం ఎప్పుడో పోయింది, దానికోసం వెతక్కండి. అయితే ఒక్క సంగతి. చాలామంది స్టూడియోవాళ్ళు ఆడపెళ్ళివారికొకటి, మగపెళ్ళివారికొకటి ఇచ్చేవారు. అత్తారింట్లో ఉన్నది కూడా తెప్పించి విని చూడండి. కాపీకి కాపీ తీసిన కొద్దీ బుస పెరుగుతుంది కాబట్టి రెండింట్లో ఒకటి మెరుగ్గా ఉండొచ్చు. అమెరికాలో ఉన్న చెల్లెలికోసం అక్కడి ఎన్.టి.ఎస్.సి. పద్ధతిలోకి మార్చి పంపిన కేసెట్ అయితే అది మరో కాపీ కిందే లెక్క. ఇక్కడున్న పాల్ కేసెట్ దొరికితే దాన్నే వాడండి.

పెట్టెలో పెట్టేముందు

కేసెట్ కిటికీలోంచి చూస్తే టేపుమీద తెల్లటి పొడిలాంటిది కనిపిస్తోందా? అది బూజు. మా గోదావరి జిల్లాల చెమ్మకి మామూలే. అలాంటిదాన్ని వి.సి.ఆర్.లో పెట్టారో, టేపూ పోతుంది, బూజు హెడ్లకి అంటుకుని తరవాత పెట్టిన కేసెట్లూ పాడవుతాయి. దాన్ని తెలిసినవాళ్ళకే ఇవ్వండి. కేసెట్ వీపున ఉండే చిన్న ప్లాస్టిక్ రెక్క విరిచే ఉందో లేదో చూడండి. లేకపోతే విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా ఏమీ కాదు. ఏళ్ళతరబడి కదలని టేపుని ఒకసారి చివరిదాకా ముందుకి తిప్పి, మళ్ళీ వెనక్కి చుట్టి, అప్పుడు వేయండి.

వి.సి.ఆర్. ఎక్కడ దొరుకుతుందంటారా? కొత్తది దొరకదు. చివరిదాకా తయారుచేసిన జపాన్ సంస్థ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. మేము మా మేనమామ ఇంట్లో, టి.వి. స్టాండు కింద అరలో ఉన్నదాన్ని తెచ్చుకున్నాం. మెకానిక్ ఒకాయన హెడ్లు శుభ్రంచేసి ఇచ్చాడు. బొమ్మ హెడ్లు వేరు, శబ్దం చదివే హెడ్ వేరు. రెండూ తుడవమని చెప్పాలి. శబ్దం హెడ్‌కి మురికి పట్టినా, అది కాస్త వంగినా గొంతులు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంటాయి. అది లెవెల్ పెంచితే పోయేది కాదు.

వైర్ల సంగతి

వి.సి.ఆర్. వెనక పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలుంటాయి. పసుపు బొమ్మకి, మిగతావి శబ్దానికి. వాటిని కంప్యూటరుకి కలిపే యు.ఎస్.బి. వీడియో పరికరం చిన్నగా, సీకాయ డబ్బా అంత ఉంటుంది. మన పాత వి.సి.ఆర్.లు చాలావాటికి శబ్దానికి ఒక్క రంధ్రమే ఉండేది. అప్పుడు ఇయర్‌ఫోన్సులో ఒక చెవిలోనే వినపడుతుంది. కంగారుపడి లెవెల్ పెంచకండి! ఒక వైపుది రెండో వైపుకి తరవాత కంప్యూటర్లో కాపీ చేసుకోవచ్చు.

శబ్దం వైరుని విడిగా కంప్యూటరుకే పెట్టేవాళ్ళు మాత్రం ఒక జాగ్రత్త పడాలి. గులాబీరంగు రంధ్రం మైకుది, నీలంరంగుది లైన్‌ది. మైకునుంచి వచ్చే కరెంటు చాలా కొద్ది కాబట్టి ఆ గులాబీ రంధ్రం దాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. వి.సి.ఆర్. నుంచి వచ్చే శబ్దం అసలే బలమైంది. దాన్ని మైకు రంధ్రంలో పెడితే మా పిండిమర తయారు. నీలం దాంట్లోనే పెట్టాలి. లాప్‌టాప్‌లకి మామూలుగా మైకు రంధ్రమే ఉంటుంది కాబట్టి వాటికి యు.ఎస్.బి. పరికరమే మేలు.

ముందు గట్టిమేళం, తరవాతే గణపతిపూజ

మావాడు చేసిన పని చూసి నాకు ఆశ్చర్యం వేసింది. కేసెట్ మొదటినుంచి వేయలేదు. ఒక నోటు పుస్తకం ఇచ్చి, "అమ్మా, ఎక్కడెక్కడ బాగా గోలగా ఉంటుందో నీకు తెలుసు కదా, చెప్పు" అన్నాడు. జీలకర్రా బెల్లం దగ్గర మేళం, తాళి దగ్గర గట్టిమేళం, ఊరేగింపులో బాండు, టపాకాయలు, చివర్న అతికించిన పాట. కేసెట్ ముందుకి తిప్పుతూ ఒక్కొక్కటి ఏ నిమిషంలో ఉందో రాశాం. ఆ పనిలోనే గంట గడిచింది.

తరవాత ఓ.బి.ఎస్. స్టూడియో అనే ఉచిత ప్రోగ్రాం తెరిచాడు. అందులో శబ్దానికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల పట్టీ ఒకటి ఆడుతూ ఉంటుంది. మైనస్ 20 దాటితే పసుపు, మైనస్ 9 దాటితే ఎరుపు, చిట్టచివర సున్నా. రాసుకున్న చోట్లన్నీ ఒక్కొక్కటే వేసి, అన్నింట్లోకీ గట్టిదాన్ని పట్టుకున్నాడు. మా కేసెట్‌లో అది టపాకాయలు కాదు, తాళి దగ్గర గట్టిమేళమే! ఆ మేళం ఎంత ఎగిరినా మైనస్ 6 దాటకుండా మీట తగ్గించి పెట్టాడు. అలా పెట్టాక మామూలు మాటలు మైనస్ 25 దగ్గర గునగునలాడుతుంటాయి. "ఇంత చిన్నగానా?" అని చెయ్యి దురదపెడుతుంది. ఆ దురద ఆపుకోవాలి.

అప్పుడు మాత్రమే కేసెట్ వెనక్కి చుట్టి, గణపతిపూజనుంచి మొదలుపెట్టాడు. ఇక చివరిదాకా ఆ మీట ఎవరూ ముట్టుకోకూడదు. మధ్యలో తగ్గిస్తూ పెంచుతూ పోతే శబ్దంలో మెట్లు పడతాయి, తరవాత సరిచేయడం పెద్ద తలనొప్పి. కంప్యూటర్లో శబ్దాన్ని తనంతట తానే సర్దే సౌకర్యాలు, మైకు బూస్ట్‌లాంటివి ఉంటే అన్నీ ముందే ఆపేయాలి. కెమెరా ఒకసారి చేసిన తప్పుని మళ్ళీ కంప్యూటర్ చేత ఎందుకు చేయించడం? శబ్దం సెట్టింగు 48 కిలోహెర్ట్జ్ ఉందో లేదో కూడా చూసుకోండి. వీడియోకి అదే వాడుక.

ఒక చిక్కు వచ్చింది, చెప్పాలి. మొదటిరోజు మీట ఎంత తగ్గించినా మేళం బరబరమంటూనే ఉంది. పట్టీ చూస్తే ఎక్కడో మైనస్ 15 దగ్గరే ఉంది, ఎరుపు ఊసే లేదు! విషయం ఏమిటంటే, కోత ఆ చవక యు.ఎస్.బి. పరికరంలోనే పడుతోంది. మీట దాని తరవాత ఉంది. నల్లా దగ్గరే బురదనీళ్ళు వస్తుంటే బిందె మారిస్తే ఏం లాభం? అందుకే పట్టీని మాత్రమే నమ్మకండి. గట్టిమేళం రెండు నిమిషాలు రికార్డుచేసి, ఇయర్‌ఫోన్సు పెట్టుకుని వినండి. శబ్దం గీతని తెరమీద పెద్దదిచేసి చూస్తే కొండశిఖరాల్లా ఉండాల్సినవి అరుగులా చదునుగా కనిపిస్తాయి. వి.సి.ఆర్.కీ పరికరానికీ మధ్య వాల్యూం బిరడా ఉన్న చిన్న మిక్సర్ పెట్టి, అక్కడే తగ్గించాం. దాంతో దారికొచ్చింది.

మూడు గంటల కేసెట్‌కి మూడు గంటలూ పడుతుంది. తొందరగా తిప్పే వీలు లేదు. ఆ పూటకి వంట ముందే చేసి పెట్టుకోండి.

ఎక్కించాక

ఎక్కించిన ఫైలుని ముందు అలాగే రెండుచోట్ల దాచండి. దానిమీద ఏ ప్రయోగమూ వద్దు. ప్రయోగాలన్నీ కాపీమీద. మావాడు వీడియోలోంచి శబ్దాన్ని విడదీసి ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిచాడు. మాటలున్న చోట్ల మాత్రమే పెంచాడు. ఆరు డెసిబెల్స్ పెంచితే శబ్దం గీత రెట్టింపు ఎత్తవుతుంది. మాటతోపాటు బుసా పెరుగుతుంది, పెరగనివ్వండి. బుస తీసేసే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఎవరూ మాట్లాడని ఒకటి రెండు సెకన్ల ముక్క చూపించి "ఇదీ బుస" అని దానికి నేర్పితే, మొత్తంమీద తగ్గిస్తుంది. ఆరు డెసిబెల్స్ వరకు చాలు. ఇంకా తీద్దామని ఆశపడితే పంతులుగారు నీళ్ళలో మునిగి మంత్రాలు చదివినట్టుంటుంది. మేము చేసి చూశాం లెండి!

ఇదంతా మా వల్ల కాదనుకుంటే షాపులోనే ఇవ్వండి, తప్పులేదు. అయితే ఇచ్చేటప్పుడే చెప్పండి. గట్టిమేళం ఏ నిమిషంలో ఉందో కాగితంమీద రాసి ఇచ్చి, "అక్కడ పగలకుండా లెవెల్ పెట్టండి, మాటలు చిన్నగా ఉన్నా ఫరవాలేదు, ఆటో లెవెల్ వద్దు" అనండి. తీసుకునేటప్పుడు అక్కడే ఇయర్‌ఫోన్సు పెట్టుకుని ఆ నిమిషం విని డబ్బులివ్వండి. మొహమాటపడకండి. కేసెట్ తప్పకుండా వెనక్కి తెచ్చుకోండి. నా కేసెట్ నా దగ్గర ఉండబట్టే రెండోసారి ఎక్కించగలిగాం. అలాగని మరీ వాయిదా వేయకండి. ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, శబ్ద భాండాగారంవారు 2015లోనే, ఇలాంటి టేపులు ఎక్కించుకోవడానికి 2025ని గడువుగా చెప్పారు. టేపుల ఆయుష్షు ఒకటే కాదు, వాటిని వేసే యంత్రాలూ, బాగుచేసే మనుషులూ తగ్గిపోతున్నారని.

ఆ రాత్రి మావాడు తాళి దగ్గర ముక్కని విడిగా తీశాడు. డోలు దెబ్బ బరువు తగ్గడానికి అడుగు స్వరాలు కొంచెం కోశాడు. మేళం ఆగీ ఆగగానే, కెమెరా ఇంకా శబ్దాన్ని పైకి లేపకముందున్న ఆ ఒక్క సెకనుని పన్నెండు డెసిబెల్స్ పెంచాడు. "విను" అని ఇయర్‌ఫోన్సు నా చెవుల్లో పెట్టాడు. ముందు సన్నాయి. సన్నాయి కింద సన్నగా, నాకు తెలిసిన గొంతు. నాలుగుసార్లు వింటే గాని మాటలు అందలేదు.

"ఆ జడ ఎత్తండర్రా ఎవరన్నా! ముడి జడలో పడుతోందీ!"

బొమ్మలో చూస్తే సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు చెయ్యి వచ్చి నా జడ పైకెత్తింది. పొద్దున్నే వదినకి ఫోన్లో వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "పార్ట్-1 కూడా ఉండాలి కదమ్మా, మా బీరువాలో చూస్తానుండు" అంది.